బోడిగుండుకీ మోకాలికీ ముడి ఉంది

(గుంటూరులో ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాలులో, ఫార్మకాలజీ పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

మైకు వెనక దాకా వినిపిస్తోందా? సరే. వెనక వరసలన్నీ నిండిపోయాయి, ముందు మూడు వరసలు ఖాళీ. జుట్టు మీటింగుకి వచ్చామని ఎవరికీ తెలియకూడదని కాబోలు. (నవ్వులు) పర్వాలేదు, అక్కడే కూర్చోండి. ఈ సంగతి మాట్లాడటానికి నన్నే ఎందుకు పిలిచారో నా తల చూస్తే మీకు తెలుస్తూనే ఉంది.

నాకు ఇరవై ఆరో ఏట నుదురు వెనక్కి జరగడం మొదలైంది. మా అమ్మ గుంటగలగరాకు దంచి, రసం తీసి, కొబ్బరినూనెలో కాచి వారానికి రెండుసార్లు పట్టించేది. ఇంట్లో దిండు గలీబులన్నీ పచ్చబడ్డాయి గానీ తల మాత్రం నల్లబడలేదు. పెళ్లిచూపులకి బయల్దేరుతుంటే మా మేనమామ ఒక్కటే జాగ్రత్త చెప్పేవాడు: "ఒరేయ్, ఫ్యాను కింద కూర్చోకు." ఆ రోజుల్లోనే మా బావ అమెరికా నుంచి వస్తూ ఒక చిన్న సీసా తెచ్చాడు. మినాక్సిడిల్, రెండు శాతం ద్రావణం. అక్కడ దానికి 1988లో అనుమతి వచ్చింది. ఆరు నెలలు రాశాను. నూగులా ఏదో వస్తున్నట్టే ఉంది. ఈలోగా సీసా అయిపోయింది. బావ మళ్లీ మూడేళ్ల దాకా రాలేదు. (నవ్వులు) ఆ వచ్చిన నూగు కూడా వెళ్లిపోయింది. జుట్టు మందుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. వాడినంత కాలమే ఉంటుంది, ఆపితే సంవత్సరం తిరక్కుండా మొదటికొస్తుంది.

ఇవాళ ప్రసంగానికి ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. మొన్న బీపీ మాత్రల కోసం మా వీధి చివర మందుల షాపులో నిలబడ్డాను. పక్కన ఒక కుర్రాడు, ఇరవై ఒకటో రెండో ఉంటాయి, ఫోనులో స్క్రీన్‌షాట్ చూపించి "అన్నా, ఇది మూడు స్ట్రిప్పులు" అన్నాడు. చూస్తే ఫినాస్టిరైడ్ ఒక మిల్లీగ్రాము. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. షాపతను చీటీ అడగలేదు, చాక్లెట్ ఇచ్చినట్టు తీసిచ్చాడు. నేను ఊరుకోలేక అడిగాను, "బాబూ, ఎవరు రాశారు?" అని. "మా రూమ్‌మేట్ వాడుతున్నాడంకుల్, వాడికి బాగా వచ్చింది." "ఇది లోపల ఏం చేస్తుందో తెలుసా?" "జుట్టొస్తుంది." "ఇంకా?" ఆ కుర్రాడు నా నెత్తివైపు ఒకసారి చూసి, "మీకెందుకంకుల్" అనకుండా ఆగిపోయాడు, పాపం మంచివాడు. (నవ్వులు) ఆ "ఇంకా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికే వచ్చాను.

మనకో సామెత ఉంది. సంబంధం లేని రెండు సంగతుల్ని ఎవరైనా కలిపితే "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడు" అంటాం. ఈ మాత్ర దగ్గర ఆ సామెత చెల్లదు. ఇక్కడ ముడి నిజంగానే ఉంది. కాకపోతే మోకాలి దాకా వెళ్లదు, కాస్త పైనే ఆగుతుంది. (నవ్వులు)

ఆ ముడి ఎలా బయటపడిందో చెప్తాను. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పరిశీలన ప్రచురించాడు. యుక్తవయసు రాకముందే వృషణాలు పోగొట్టుకున్న మగవాళ్లకి బట్టతల రాదు. వాళ్లకి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే, ఎవరి వంశంలో బట్టతల ఉందో వాళ్లకి జుట్టు ఊడటం మొదలవుతుంది. అంటే బట్టతలకి రెండు కావాలి, హార్మోనూ వంశమూ. హెల్మెట్ అక్కర్లేదు. హాస్టల్ బోరు నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ నీళ్లని మీరు ఎంత తిట్టుకున్నా సరే.

ఇక రెండో సంగతి ఇంకా విచిత్రమైంది. కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అని ఒక దేశం. దానికి నైరుతి మూల సలీనాస్ అనే పల్లె. ఆ పల్లెలో కొందరు పిల్లలు ఆడపిల్లల్లా కనిపించే అవయవాలతో పుట్టి, ఆడపిల్లలుగానే పెరిగేవారు. పన్నెండేళ్లు వచ్చేసరికి గొంతు మారి, కండలు తేలి, పురుషాంగం పెరిగి మగవాళ్లయ్యేవారు. ఊళ్లో వాళ్లకి దీన్ని పిలవడానికి ఒక మాట కూడా ఉంది, "గ్వేవేదోసెస్" అని. "పన్నెండేళ్లకి వచ్చేది" అనే అర్థం వస్తుంది. ఏం వచ్చేదో మీరే ఊహించుకోండి. న్యూయార్క్‌లోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే డాక్టరు బృందంతో వెళ్లి వీళ్లని పరీక్షించి 1974లో ఆ వివరాలు ప్రచురించారు. ఈ మనుషుల్లో ఆమె ఇంకో రెండు సంగతులు గమనించారు. పెద్దయ్యాక వీళ్ల ప్రోస్టేట్ గ్రంథి, అంటే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి, చాలా చిన్నదిగా ఉంది. వీళ్లలో ఎవరికీ బట్టతల లేదు.

ఎందుకని? పాలు, పెరుగు సంగతిలాగే అనుకోండి. టెస్టోస్టిరాన్ పాలు. దానికి తోడు పడితే డీహైడ్రోటెస్టోస్టిరాన్ అవుతుంది, పొట్టిగా డీహెచ్‌టీ. పెరుగు అన్నమాట. ఆ తోడు పేరు ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్. సలీనాస్ పిల్లలకి పుట్టుకతోనే ఆ తోడు సరిగ్గా లేదు. పాలు ఉన్నాయి, తోడుకోవు. తల్లి కడుపులో మగశిశువు బయటి అవయవాలు తయారు కావడానికి ఈ డీహెచ్‌టీ కావాలి. పెద్దయ్యాక ప్రోస్టేట్ పెరగడానికి అదే కావాలి. గడ్డం దట్టంగా రావడానికీ అదే. నెత్తిమీద, వంశంలో రాసిపెట్టి ఉన్నవాళ్లకి, జుట్టు కుదుళ్లని సన్నబరిచి చివరికి నూగుగా మార్చేదీ అదే. ఒకే హార్మోను గడ్డం పెంచుతుంది, జుట్టు ఊడగొడుతుంది. దేవుడు మగవాడితో ఆడుకోవాలనుకుంటే ఇంతకన్నా మంచి ఆట దొరకదు.

మెర్క్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు సలీనాస్ కథ చదివి, ఆ తోడుని మాత్రతో ఆపితే ముసలివాళ్ల ప్రోస్టేట్ వాపు తగ్గుతుందేమోనని ఆలోచించారు. అలా పుట్టిందే ఫినాస్టిరైడ్. 1992లో ఐదు మిల్లీగ్రాముల మాత్రగా ప్రోస్టేట్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. 1997లో ఒక మిల్లీగ్రాము మాత్రగా బట్టతలకి వచ్చింది. కాబట్టి ఒకే ఇంట్లో మూత్రం సరిగ్గా రాదని తండ్రి వాడేదీ, జుట్టు కోసం కొడుకు వాడేదీ ఒకటే మందు. నాకు తెలిసిన ఒకాయన, తన స్ట్రిప్పు నెల తిరక్కుండా ఎందుకు అయిపోతోందని చాలాకాలం బుర్ర గోక్కున్నాడు. కొడుకు ఒక్కో మాత్ర తీసి బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకుంటున్నాడు. (నవ్వులు) నవ్వకండి, ఆ ముక్కల దగ్గరికి మళ్లీ వస్తాను.

ఒక మిల్లీగ్రాము మాత్ర వేసుకుంటే రక్తంలో డీహెచ్‌టీ ఒక రోజులోనే దాదాపు 65 శాతం పడిపోతుంది. డ్యూటాస్టిరైడ్ అని దీని పెద్దన్న ఒకటి ఉంది, అది 90 శాతం పైనే తగ్గిస్తుంది. మరి తోడుకోని పాలు ఏమవుతాయి? గిన్నెలోనే ఉంటాయి. అందుకే ఈ మాత్ర వేసుకున్నవాళ్లకి టెస్టోస్టిరాన్ తగ్గదు, ఓ 15 శాతం పెరుగుతుంది కూడా. "మగతనం హార్మోను పోతుంది" అనే మాట అందుకే తప్పు. ఐతే ఆ మిగిలిన పాలలో కొంత వేరే దారి పట్టి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుగా మారుతుంది. కొద్దిమందికి రొమ్ము నొప్పి, రొమ్ము పెరగడం అందువల్లే వస్తాయి. చనుమొన కింద గట్టిగా గడ్డలా తగిలినా, స్రావం వచ్చినా దాచుకోకుండా చూపించుకోవాలి.

సైడ్ ఎఫెక్ట్ అనే మాటతోనే మనం కాస్త మోసపోతాం. మందు ఒక దారిన వెళ్తూ పక్కన ఎవరినో గుద్దినట్టు వినిపిస్తుంది. ఈ మందు ఎవరినీ పక్కన గుద్దదు. దానికి తెలిసిన పని ఒక్కటే, తోడు ఆపడం. అది తల మీద జరిగితే మనం ఫలితం అంటున్నాం, నడుము కింద జరిగితే సైడ్ ఎఫెక్ట్ అంటున్నాం.

సరే, నడుము కింద సంగతి. దీని గురించి మనవాళ్లకి మాటలు రావు. నా క్లాసులో నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ చాప్టర్ వస్తే వెనక బెంచీలు కిందికి చూసేవి. పేషెంట్లు డాక్టరు దగ్గరికొచ్చి "కొంచెం నరాల వీక్‌నెస్ సార్" అంటారు. నరాలకి ఏ పాపమూ తెలియదు. గోడల మీద రాసే ప్రకటనలు మనకి నేర్పిన భాష అది. నేను మామూలు మాటల్లో చెప్తాను. ఈ మందుతో కోరిక తగ్గొచ్చు. అంగం గట్టిపడటంలో ఇబ్బంది రావొచ్చు. వీర్యం పరిమాణం తగ్గొచ్చు. వీర్యం నాణ్యత దెబ్బతిని, మందు ఆపాక బాగుపడిన కేసులూ నమోదయ్యాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, ఆలస్యమవుతుంటే, వాడుతున్న సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. భార్యకి అన్ని పరీక్షలూ చేయించి, మొగుడి జేబులో ఉన్న మాత్ర సంగతి చివర్లో బయటపడటం అన్యాయం.

ఎంతమందికి వస్తుంది? అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో 945 మంది అసలు మాత్ర వేసుకున్నారు, 934 మంది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నారు. అసలు మాత్ర వాళ్లలో 36 మంది, అంటే 3.8 శాతం, ఇందాక చెప్పిన వాటిలో ఏదో ఒకటి వచ్చిందన్నారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 20 మంది అన్నారు, 2.1 శాతం. ఈ రెండో అంకె మీద కాసేపు ఆగండి. లోపల మందే లేదు, అయినా ఇరవై మందికి ఇబ్బంది. ఎందుకంటే మగవాళ్లకి ఇలాంటి ఇబ్బందులు ఏ మాత్రా లేకపోయినా వస్తూ పోతూ ఉంటాయి. పరీక్షలు, ఉద్యోగం టెన్షన్, నిద్రలేమి, సిగరెట్లు, షుగరు. కాబట్టి మందు ఖాతాలో రాయాల్సింది ఆ తేడా. నూటికి ఇద్దరి కంటే తక్కువ. ఫలితం వైపు కూడా న్యాయంగా చెప్పాలి. రెండేళ్లు వాడినవాళ్లలో 83 శాతం మందికి నడినెత్తి మీద ఉన్న జుట్టు లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో అలా నిలబడింది 28 శాతానికే. మందు పనిచేస్తుంది. పనిచేయదని చెప్పడానికి నేను రాలేదు.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ఒక సంగతి ఉంది. 2007లో ఇటలీ డాక్టర్లు ఒక పరీక్ష ప్రచురించారు. ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకి ఐదు మిల్లీగ్రాముల ఫినాస్టిరైడ్ ఇచ్చారు. సగం మందికి "దీనివల్ల లైంగిక ఇబ్బందులు రావొచ్చు, అరుదుగానే వస్తాయి" అని చెప్పారు. మిగతా సగానికి ఆ ముక్క చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే చెప్పినవాళ్లలో 43.6 శాతం మందికి ఇబ్బంది వచ్చింది. చెప్పనివాళ్లలో 15.3 శాతానికి. అదే మాత్ర, అదే మోతాదు. మధ్యలో తేడా ఒక వాక్యం.

ఇప్పుడు చెప్పండి, నేను మీకు ఈ ప్రసంగం ఇవ్వడం మంచి పనా, చెడ్డ పనా? (నవ్వులు) నవ్వులాట కాదు. ఇవాళ రాత్రి మీలో ఎవరైనా మాత్ర వేసుకుని, నేను చెప్పిందే తలుచుకుంటూ పడుకుంటే, ఆ దిగులే పని చెడగొట్టగలదు. మగవాడి శరీరంలో ఆ భాగానికి పరీక్ష పెడితే అది ఫెయిలవుతుంది, అది దాని స్వభావం. అలాగని చెప్పకుండా దాచేద్దామా? దాచిన రోజున నిజంగా మందువల్లే ఇబ్బంది వచ్చినవాడు తనకేదో రోగమనుకుని నరాల వీక్‌నెస్ డేరా దగ్గరికి పోతాడు. నా మటుకు నేను చెప్పాలనే పక్షాన ఉన్నాను. కానీ చెప్పే పద్ధతి ఉండాలి. నూటికి ఎందరికి రాదో కూడా చెప్పాలి, వస్తే ఆపొచ్చని చెప్పాలి, ఆపితే ఎక్కువమందికి తగ్గిపోతుందని చెప్పాలి. మూడు ముక్కలూ కలిపి చెప్తే మనిషి తట్టుకుంటాడు. ఫోనులో అర్ధరాత్రి ఒక భయంకరమైన వీడియో చూసి మొదటి ముక్క ఒక్కటే వింటే తట్టుకోలేడు.

"ఎక్కువమందికి" అన్నాను, "అందరికీ" అనలేదు. గమనించారా? మాత్ర ఆపేసినా ఇబ్బంది పోలేదని చెప్పినవాళ్లు ఉన్నారు. మొదట్లో వాళ్ల మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఊహించుకుంటున్నావ్ పో అన్నారు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందు ఆపిన తర్వాత కూడా కోరిక, స్ఖలనం, భావప్రాప్తికి సంబంధించిన ఇబ్బందులు కొనసాగినట్టు వచ్చిన ఫిర్యాదులని మందు కాగితంలో చేర్పించింది. ఇలాంటివాళ్లలో కొందరు తమ పరిస్థితిని పోస్ట్ ఫినాస్టిరైడ్ సిండ్రోమ్ అని పిలుచుకుంటారు. అది విడిగా ఒక జబ్బేనా అన్న దాని మీద డాక్టర్ల మధ్య గొడవ తెగలేదు. ఇందాకటి ఇటలీ లెక్క చూపించి అంతా మనసు మాయేనని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నాకు ఆ తొందర నచ్చదు. దిగులు వల్ల కొందరికి వస్తుందన్నది నిజమైతే, ఇంకొందరికి మందు వల్ల వచ్చిందన్నది అబద్ధం కావాలని ఏమీ లేదు.

ఇక మనసు సంగతి. కాస్త జాగ్రత్తగా వినండి. ఈ తోడు తల మీదా, ప్రోస్టేట్‌లోనే కాదు, మెదడులోనూ ఉంది. అక్కడ ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోనుకి తోడు పెట్టి, చివరికి అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం తయారుకావడానికి సాయపడుతుంది. నోరు తిరగకపోతే వదిలేయండి. మెదడుని నెమ్మదిగా ఉంచే పదార్థం అది. దీన్నే మందుగా తయారుచేసి, కాన్పు తర్వాత తల్లులకి వచ్చే డిప్రెషన్‌కి ఇవ్వడానికి 2019లో అమెరికాలో అనుమతించారు. బట్టతల మాత్రకీ దిగులుకీ దారి ఉండటానికి వీలుంది అనడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు దొరకలేదు. ఎంతమందిలో ఆ దారి తెరుచుకుంటుందన్నది వేరే ప్రశ్న.

నియంత్రణ సంస్థలు మాత్రం వరసగా కదిలాయి. ఆత్మహత్య ఆలోచనల గురించి కాగితంలో రాయాలని 2022లో ఎఫ్‌డీఏ చెప్పింది. 2024లో బ్రిటన్‌లో మాత్రల పెట్టెలో హెచ్చరిక కార్డు పెట్టడం మొదలుపెట్టారు. 2025 మే నెలలో యూరప్ మందుల సంస్థ, ఫినాస్టిరైడ్ మాత్రలతో ఆత్మహత్య ఆలోచనలు రావడం ఒక సైడ్ ఎఫెక్టేనని తేల్చింది. ఎంత తరచుగా వస్తుందో అంకె కట్టడం సాధ్యం కాలేదని కూడా రాసింది. వచ్చిన కేసుల్లో ఎక్కువ జుట్టు కోసం వాడినవాళ్లవే. వాడినవాళ్ల సంఖ్య కోట్లలో ఉంది, నమోదైన కేసులు వందల్లో ఉన్నాయి. నమోదైనవి తక్కువే. కానీ జుట్టు కోసం ఇంత రిస్కు తీసుకోవాల్సిన అవసరం ఏ కుర్రాడికీ లేదు.

అందుకని ఒక పని చేయండి. ఈ మాత్ర మొదలుపెడితే ఇంట్లో ఒకరికి చెప్పండి. అమ్మకో, అన్నకో, భార్యకో, రూమ్‌మేట్‌కో. "నేను ఇది వాడుతున్నాను, నా తీరు మారినట్టు కనిపిస్తే అడుగు" అని. ఎందుకంటే దిగులు లోపలున్నవాడికి అది మందు వల్ల వచ్చిందని తోచదు, బతుకే ఇంత అనిపిస్తుంది. బయటివాళ్లకి కనిపిస్తుంది. నిద్ర చెడినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, చచ్చిపోవాలనిపించినా మాత్ర ఆ రోజే ఆపేసి డాక్టరుని కలవండి. ఆ రాత్రికి ఎవరూ దొరక్కపోతే 14416 నంబరుకి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇదివరకే డిప్రెషన్‌కి మందులు వాడినవాళ్లు ఈ మాత్ర మొదలుపెట్టే ముందే ఆ సంగతి చర్మ డాక్టరుకి చెప్పండి. చర్మ డాక్టరుకి మనసు సంగతి ఎందుకు అనుకోకండి, ఇందాకే చెప్పాను కదా, ముడి ఉంది.

"మాత్ర వద్దులెండి, లోషనుగా రాసుకుంటాం" అంటారు కొందరు. మన షాపుల్లో మినాక్సిడిల్‌లో ఫినాస్టిరైడ్ కలిపిన సీసాలు దొరుకుతున్నాయి. తలకి రాసినా కొంత రక్తంలోకి వెళ్తుంది. అలా రాసుకునే కలగలుపు మందులు వాడినవాళ్ల నుంచి 2019, 2024 మధ్య 32 ఫిర్యాదులు వచ్చాయని 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తలకి రాశాం కదా, తలమీదే ఉంటుందనుకోకండి.

ఇప్పుడు బ్లేడు ముక్కలు. కడుపులో ఉన్నది మగశిశువైతే, బయటి అవయవాలు తయారయ్యేది డీహెచ్‌టీతోనే అని చెప్పాను. గర్భిణి ఈ మాత్ర పొడిని ముట్టుకుంటే చర్మం ద్వారా లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది. పగలని మాత్రకి పైన పూత ఉంటుంది, దాంతో భయం లేదు. బ్లేడుతో కోసి, పొడి బల్లమీద వదిలేసి, ఆ బల్లని కడుపుతో ఉన్న భార్యో వదినో తుడిస్తే? కోయకండి. ఒక మిల్లీగ్రాము మాత్ర దొరుకుతుంటే ఆ కక్కుర్తి ఎందుకు? రక్తదానం విషయంలోనూ ఇదే కారణం. మీ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో మీకు తెలియదు. ఫినాస్టిరైడ్ ఆపాక నెల, డ్యూటాస్టిరైడ్ ఆపాక ఆరు నెలలు ఆగాలి. ఎందుకంత తేడా అంటే ఫినాస్టిరైడ్ కొద్ది గంటల్లో సగానికి తగ్గిపోతుంది, డ్యూటాస్టిరైడ్ సగం కావడానికే ఐదు వారాలు పడుతుంది. డ్యూటాస్టిరైడ్‌ని జుట్టుకి దక్షిణ కొరియా, జపాన్ అనుమతించాయి, అమెరికా అనుమతించలేదు. ఏదైనా తేడా వస్తే వెంటనే ఒంట్లోంచి పోని మందు అది. కుర్రవాళ్లు దానితో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

నా వయసువాళ్లు నలుగురైదుగురు కనిపిస్తున్నారు, మీకోసం ఒక ముక్క. ప్రోస్టేట్ కాన్సర్ అనుమానానికి పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేస్తారు. ఈ మందు ఆ అంకెని దాదాపు సగానికి దించేస్తుంది. జుట్టు మాత్ర సంగతి దాస్తే, రిపోర్టులో 3 అని వచ్చింది చూసి డాక్టరు "బాగుంది" అంటాడు. అసలు అంకె 6 అయి ఉండొచ్చు.

ఒక సరదా సంగతి చెప్పి మినాక్సిడిల్‌కి వెళ్తాను. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొమారియో 2007లో డోపింగ్ పరీక్షలో దొరికిపోయాడు. ఏం తిన్నాడయ్యా అంటే ఫినాస్టిరైడ్, జుట్టు కోసం! దానికి బలం పెంచే గుణమేమీ లేదు. వేరే మందుల ఆనవాళ్లని కప్పేస్తుందని అప్పట్లో నిషేధించారు. 2009 నుంచి నిషేధం తీసేశారు. ప్రపంచకప్ గెలిచినవాడికి కూడా ఫ్యాను కింద కూర్చోవాలంటే భయమే. (నవ్వులు)

మినాక్సిడిల్ కథ దీనికి తలకిందులు. అది బీపీ మాత్రగా 1979లో అమెరికాలో వచ్చింది. ఏ మందుకీ లొంగని బీపీకి ఇచ్చేవారు. వేసుకున్నవాళ్లకి నుదుటిమీద, బుగ్గలమీద, చేతులమీద జుట్టు మొలిచింది. ఆ సైడ్ ఎఫెక్టునే సీసాలో పోసి అమ్మారు. తలకి రాసేదాంతో సాధారణంగా వచ్చేవి దురద, పొట్టు లేవడం. చాలాసార్లు అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం పడక వస్తాయి, నురగ రూపంలో వాడితే తగ్గుతాయి. కొందరికి మొదటి నెలా రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతుంది. అది చూసి హడలిపోయి మానేసేవాళ్లు ఉన్నారు. పాత వెంట్రుకని తోసుకుని కొత్తది వస్తోందని అర్థం, ఆగండి.

ఇప్పుడు చాలామంది డాక్టర్లు చిన్న మోతాదులో మినాక్సిడిల్ మాత్రే రాస్తున్నారు, రెండున్నర, ఐదు మిల్లీగ్రాములు. 1404 మంది మీద చేసిన ఒక పరిశీలనలో 15 శాతం మందికి అక్కర్లేని చోట జుట్టు వచ్చింది. తల తిరగడం, కాళ్ల వాపు, గుండె దడ ఒక్కోటీ నూటికి ఒకరిద్దరికి. తక్కువే. కానీ పెద్ద మోతాదులో వాడిన రోజుల్లో గుండె చుట్టూ నీరు చేరిన కేసులున్న మందు ఇది. చెప్పులు బిగుతైతే, మెట్లెక్కితే ఆయాసం వస్తే, జుట్టు మాట మరిచిపోయి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చాలు. ప్రశ్నలు అడగండి. మైకు అక్కర్లేదు, లేచి నిలబడకపోయినా ఫర్వాలేదు.

(ఒక యువకుడు: సార్, నేను ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఏ ఇబ్బందీ లేదు. మీరు చెప్పింది విన్నాక భయమేస్తోంది. ఆపేయాలా?)

చూశారా, ఇటలీ వాళ్లు చెప్పింది ఇదే! (నవ్వులు) ఎనిమిది నెలలు ఏమీ లేదంటే నువ్వు ఆ ఎక్కువమందిలో ఉన్నావు బాబూ. నాకోసం ఆపొద్దు. ఒక డాక్టరు దగ్గర చీటీ రాయించుకో, ఇంట్లో ఒకరికి చెప్పుకో. ఆపాలనిపిస్తే ఎప్పుడైనా ఆపొచ్చు, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాల్సిన పని కూడా లేదు. జుట్టు మాత్రం పాత దారి పడుతుంది.

(మరొకరు: బయోటిన్ మాత్రలు వాడొచ్చా సార్? అవి విటమిన్లే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదంటారు.)

బయోటిన్ లోపం ఉంటే పనికొస్తుంది. ఆ లోపం చాలా అరుదు. వంశపారంపర్య బట్టతలకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. సైడ్ ఎఫెక్ట్ నీకు రాదు, నీ రక్తపరీక్షకి వస్తుంది. జుట్టు మాత్రల్లో పెట్టే ఐదు, పది మిల్లీగ్రాముల మోతాదు కొన్ని లాబ్ మిషన్లని తికమక పెడుతుంది. థైరాయిడ్ జబ్బు లేనివాడికి ఉన్నట్టు చూపించగలదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, గుండెపోటులో చూసే ట్రోపోనిన్ అంకెని తక్కువ చేసి చూపించగలదు. దీని గురించి 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకి ముందు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరుని అడుగు, లాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పు.

(వెనక నుంచి ఒక మహిళ: మా ఆయన తలకి మినాక్సిడిల్ రాసుకుంటారండీ. మాకు నాలుగు నెలల బాబు. రాత్రిళ్లు ఆయన గుండెలమీదే పడుకుంటాడు. ఈ మధ్య వాడి వీపుమీద నూగు ఎక్కువగా కనిపిస్తోంది. పుట్టువెంట్రుకలే, రాలిపోతాయంటున్నారు మా అత్తగారు.)

అమ్మా, ముందుకి రా తల్లీ, ఇక్కడ కూర్చో. మీ అత్తగారు చెప్పిందే కావచ్చు. కానీ ఊరికే వదలొద్దు, రేపే పిల్లల డాక్టరుకి చూపించి, మీ ఆయన వాడే సీసా కూడా తీసుకెళ్లి చూపించండి. స్పెయిన్‌లో నవార్రా అనే చోట 2023లో అచ్చం ఇలాంటిదే బయటపడింది. తండ్రి ఇంట్లో ఉండి పసిబిడ్డని చూసుకుంటున్నాడు, తలకి ఐదు శాతం మినాక్సిడిల్ రాస్తున్నాడు. బిడ్డ వీపుమీద, కాళ్లమీద జుట్టు పెరిగింది. తర్వాత యూరప్ రికార్డులు తిరగేస్తే అలాంటివి మొత్తం 11 కేసులు తేలాయి. పిల్లల చర్మం పల్చన, పైగా చేయి నోట్లో పెట్టుకుంటారు. అక్కడి హెచ్చరికల్లో ఇప్పుడు ఈ సంగతి రాశారు. మీ ఆయన్ని ఈ రాత్రి నుంచే ఆపమనండి. ఆయన దిండు గలీబు, దుప్పటి వేరుగా ఉతకండి. ఇంట్లో పిల్లి గానీ ఉందా? ఉంటే దాన్ని కూడా ఆ దిండు దగ్గరికి రానివ్వకండి, పిల్లికి ఆ మందు కొద్దిగా నాకినా ప్రాణం మీదికొస్తుంది.

(అదే మహిళ: పోతుందా అండీ, ఆ జుట్టు?)

పోతుందమ్మా. స్పెయిన్‌లో ఆ బిడ్డకి తండ్రి మందు ఆపాక పోయింది.